బోర్డు మీద పేరు, ఫోన్‌లో పేరు

సామర్లకోట రైల్వే స్టేషన్ నుంచి ఊరిలోకి వచ్చే దారిలో ఒక పరుపుల కొట్టు ఉన్నది. యజమాని దూదేకుల కుటుంబానికి చెందినవాడు. తండ్రి, తాత కూడా అదే పని చేశారు. ఆ కొట్టు బోర్డు మీద ఏమి రాసి ఉన్నదో ఊరిలో ఎవరూ చదవరు. ‘సాయిబు పరుపుల కొట్టు’ అంటే చాలు, ఆటో అబ్బాయి నేరుగా తీసుకువెళ్లి దింపుతాడు.

ఆయన కుమారుడు డిగ్రీ ముగించి కొట్టులో కూర్చున్నాడు. ఆన్‌లైన్ సంస్థలు ఫోమ్ పరుపులను చుట్టచుట్టి అట్టపెట్టెలో పెట్టి ఇంటి గుమ్మం దాకా తెచ్చి ఇస్తున్న రోజులివి. కాకినాడ షోరూములు ఎటూ పక్కనే ఉన్నాయి. బూరుగు దూది పరుపు అడిగేవారు తగ్గిపోతున్నారని గ్రహించి, ఆ అబ్బాయి ఫేస్‌బుక్‌లో ఒక పేజీ తెరిచాడు, గూగుల్ మ్యాప్‌లో కొట్టును చేర్చాడు. ఆరు నెలలు గడిచినా ఒక్క ఫోను రాలేదని ఒకనాటి సాయంత్రం మా ఇంటికి వచ్చాడు. ఉద్యోగ విరమణ తరువాత ఇటువంటి దరఖాస్తులు నింపిపెట్టడం, సర్టిఫికెట్ల కోసం తిరగడం నాకు అలవాటైన పని. ఫోను తీసుకుని చూశాను. ఏదో ఇంగ్లీషు పేరు, అందులో ‘డ్రీమ్’ అనే మాట ఉన్నది. కొట్టు ఫోటో లేదు. ఇంటర్నెట్‌లో దొరికిన ఒక విదేశీ పడకగది చిత్రం ఉన్నది. తండ్రి పేరు ఎక్కడా లేదు.

“ఇదేమిటి బేటా, మీ నాన్న పేరు ఏదీ?” అని అడిగాను. కొంచెంసేపు తటపటాయించి, “మన పేరు ఉంటే కొనరేమో చాచా” అన్నాడు.

ఆ ఒక్క మాట నన్ను ఈ వ్యాసం రాయడానికి పురికొల్పింది. చిన్న వ్యాపారులు సామాజిక మాధ్యమాలను ఎలా వాడుకోవాలన్న విషయం మీద పత్రికలలో చాలా వస్తూ ఉంటుంది. ఏ వేళలో పోస్టు పెట్టాలి, ఏ రంగు బాగుంటుంది అన్నది చెబుతారు. కాని మన వ్యాపారి మొదటి ప్రశ్న అది కాదు. తన పేరు చెప్పుకోవాలా, దాచుకోవాలా అన్నది మొదటి ప్రశ్న. అది తేలకుండా మిగిలినవి ఎన్ని నేర్పినా ప్రయోజనం ఉండదు.

ఆ అబ్బాయి భయం ఊరికే పుట్టినది కాదు. 2020 మార్చి చివర నిజాముద్దీన్ మర్కజ్ వార్తలు వచ్చిన తరువాత దేశమంతటా ముస్లిం చిరువ్యాపారుల మీద ఏ విధమైన ప్రచారం సాగిందో మనకు గుర్తున్నది. మధ్యప్రదేశ్‌లోని రాయిసేన్‌లో ఒక పండ్ల వ్యాపారిని ఫిబ్రవరిలో తీసిన పాత వీడియోను ఏప్రిల్‌లో కరోనా వ్యాప్తికి రుజువుగా తిప్పారు. ఆ ఏడాది ఆగస్టులో బొంబాయి హైకోర్టు ఔరంగాబాద్ ధర్మాసనం విదేశీ తబ్లీగీల మీద కేసులను కొట్టివేస్తూ, వారిని బలిపశువులను చేశారని తీవ్రంగానే వ్యాఖ్యానించింది. కాని తీర్పును ఎవరు ఫార్వర్డ్ చేస్తారు? వీడియో చేరిన చోటికి తీర్పు చేరలేదు. 2022 మార్చిలో కర్ణాటక కోస్తా జిల్లాలలో గుడి జాతరల వద్ద ముస్లింలు కొట్లు పెట్టరాదని బ్యానర్లు కట్టారు. 2024 జూలైలో ఉత్తరప్రదేశ్‌లో కావడి యాత్ర దారి పొడవునా తినుబండారాల కొట్ల మీద యజమానుల పేర్లు రాయాలని ఆదేశించారు. ఆ నెల 22న సుప్రీంకోర్టు ఆ ఆదేశాన్ని నిలిపివేసి, ఏ రకమైన ఆహారం అమ్ముతున్నారో చెబితే చాలు, పేరు చెప్పవలసిందిగా బలవంతపెట్టరాదని మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది.

మన రాష్ట్రంలో జరిగినది మరీ దగ్గరి విషయం. దేవాలయాల ఆవరణలలోని దుకాణాలను హిందువులు కానివారికి ఇవ్వరాదని 2015లో ప్రభుత్వం ఉత్తర్వు తెచ్చింది. శ్రీశైలంలో ఏళ్ల తరబడి కొట్లు నడుపుకుంటున్నవారు కోర్టుకెక్కారు. హైకోర్టులో ఓడినా విడిచిపెట్టలేదు. 2021 డిసెంబరులో సుప్రీంకోర్టు, కేవలం మతం కారణంగా ఎవరినీ దుకాణాల వేలం నుంచి మినహాయించరాదని స్పష్టం చేసింది. పంచారామాలలో ఒకటైన కుమారారామ భీమేశ్వరాలయం ఉన్న ఊరిలో పుట్టి పెరిగినవాడిగా ఈ కేసును నేను ఆసక్తితో గమనిస్తూ వచ్చాను. కార్తీక సోమవారాలలోను, శివరాత్రి నాడును గాజులు, బొమ్మలు, బెలూన్లు అమ్మేవారి పేర్లు మా ఊరిలో ఇంతవరకు ఎవరూ అడిగిన గుర్తు నాకు లేదు. ఈ స్థితి కాపాడుకోదగినది.

ఈ తీర్పులను కలిపి చదివితే తేలేది ఏమిటి? నీ పేరు చెప్పు అని ఎవరూ బలవంతపెట్టరాదు. నీ పేరు చూసి ఎవరూ నిన్ను బయటికి నెట్టరాదు. ఈ రెంటి నడుమ, పేరు చెప్పుకోవడమా మానడమా అన్నది పూర్తిగా మన ఇష్టం. దాచుకున్నవాడిని నేను తప్పుపట్టను. దాడులు జరిగిన ఊళ్లలో, ఎవరికి ఎవరూ తెలియని మహానగరాలలో అది ప్రాణరక్షణ కావచ్చు. కాని సామర్లకోట, పెద్దాపురం, పిఠాపురం వంటి ఊళ్లలో దాచుకోవడం శుద్ధ నష్టం. మూడు తరాలుగా ఆ కొట్టు సంపాదించుకున్న ఆస్తి ‘సాయిబు పరుపులు’ అన్న ఆ పిలుపే. పెద్దాపురం నుంచి పాత ఖాతాదారు ఎవరైనా ఫోనులో వెదికితే ఆ మాటతోనే వెదుకుతాడు. వెదికితే దొరకలేదు, ఎందుకంటే కుమారుడు దానిని తుడిచివేసి ‘డ్రీమ్’ అని రాశాడు. పక్షపాతం ఉన్నవాడు ఎటూ కొట్టు గడప దగ్గర గడ్డం చూసి వెనుదిరుగుతాడు. వాడి కోసం, నమ్మి వచ్చే పదిమందికి దారి మూసివేసుకోవడం ఏ లెక్క?

ఇది ఒక్క కొట్టు సంగతి కాదు. 2006 నవంబరులో పార్లమెంటు ముందుకు వచ్చిన సచార్ కమిటీ నివేదికను మనవారు రిజర్వేషన్ల సందర్భంలోనే ఎక్కువగా తలుచుకుంటారు. అందులో ఉపాధి అధ్యాయం చదివినవారు తక్కువ. ముస్లిం కార్మికులలో 61 శాతం స్వయం ఉపాధి మీదే బతుకుతున్నారని, హిందువులలో ఆ శాతం 55 అని, ముస్లిం మహిళలలో అయితే 73 శాతమని ఆ నివేదిక లెక్కగట్టింది. వీధి వ్యాపారంలో ఉన్న ముస్లిం పురుషుల నిష్పత్తి జాతీయ సగటు కంటే బాగా ఎక్కువ. కొన్ని బ్యాంకులు ముస్లింలు అధికంగా నివసించే ప్రాంతాలను అప్పు ఇవ్వకూడని ప్రాంతాలుగా గుర్తించిన సంగతి కూడా అందులోనే ఉన్నది. నెల జీతం లేదు, బ్యాంకు తలుపు సగమే తెరుచుకుంటుంది, ప్రకటనకు డబ్బు లేదు. అటువంటివారికి జేబులోని ఫోను ఒక్కటే ఖర్చు లేని బోర్డు. ఉన్న ఒక్క బోర్డును తప్పుగా రాసుకుంటే ఎలా?

సరే, పని ఎలా మొదలుపెట్టాలి. చిన్న ఊరి వ్యాపారికి ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ కంటే ముందు కావలసినవి గూగుల్ మ్యాప్‌లో సరైన చోటు, వాట్సాప్ బిజినెస్ ఖాతా. రెండింటికీ రుసుము లేదు. వాట్సాప్ బిజినెస్ 2018లో మన దేశానికి వచ్చింది. మామూలు వాట్సాప్‌కు దీనికి తేడా ఏమిటంటే, కొట్టు చిరునామా, తెరిచి ఉండే వేళలు, వస్తువుల ఫోటోలు, ధరలు అన్నీ అందులో శాశ్వతంగా ఉంచవచ్చు. జుమా వేళ కొట్టు మూసి ఉంటే ఆ సంగతి కూడా అందులోనే రాసి ఉంచవచ్చు. ఇక్కడ మనవారు చేసే పొరపాటు ఒకటి ఉన్నది. వందలమంది నెంబర్లు సంపాదించి, అందరికీ ఒకేసారి సందేశం పంపి, ఎవరూ బదులివ్వలేదని నిరాశ చెందుతారు. బ్రాడ్‌కాస్ట్ జాబితాలో 256 మంది దాకా చేర్చవచ్చు. కాని మన నెంబరును తమ ఫోనులో దాచుకున్నవారికే ఆ సందేశం చేరుతుంది. కనుక కొట్టుకు వచ్చిన ప్రతి మనిషినీ, “అమ్మా, ఈ నెంబరు సాయిబు పరుపులు అని దాచుకోండి” అని నోరు తెరిచి అడగాలి. అడగకుండా జరిగేది కాదు. తెలియనివారికి అదేపనిగా పంపితే వారు ఫిర్యాదు చేస్తారు, నెంబరే మూతపడుతుంది. మా మసీదు వీధిలో ఒక యువకుడికి రంజాన్ మొదటి వారంలోనే అలా జరిగింది. హలీం ఆర్డర్లన్నీ ఆ నెంబరుకే వస్తున్నాయి, పాపం.

ఫేస్‌బుక్‌లో సొంత ఖాతాతో వ్యాపారం చేసేవారు అయిదు వేల మంది మిత్రులకు మించి చేర్చుకోలేరు. వ్యాపారానికి విడిగా పేజీ పెట్టుకోవాలి. డబ్బు కట్టి పోస్టును నలుగురికీ చూపించే ‘బూస్ట్’ సౌకర్యం వాడితే, మన ఊరి చుట్టూ ఇన్ని కిలోమీటర్ల లోపు అని హద్దు గీసుకునే వీలున్నది. హద్దు గీయకుండా డబ్బు కట్టి, ఎక్కడో ఆదిలాబాద్‌లో పదివేల మంది చూశారని సంబరపడేవారిని చూశాను. ఆదిలాబాద్ నుంచి పరుపు కుట్టించుకోవడానికి సామర్లకోట ఎవరు వస్తారు?

ఇక ఏమి చూపించాలన్న ప్రశ్న. ఈ విషయంలో ఆ అబ్బాయికి, నాకు వాదనే జరిగింది. అతనికి తళతళలాడే చిత్రాలు కావాలి. నేను, మీ నాన్న పని చేస్తుండగా తీయి అన్నాను. ఇరవై ఏళ్ల పాత పరుపును విప్పుతారు. గడ్డకట్టిన దూది రాళ్లలా బయటపడుతుంది. యంత్రంలో వేసి ఏకితే అదే దూది మబ్బులా పొంగుతుంది. కొత్త గలేబు తొడిగి, పెద్ద సూదితో దారం బిగించి కుట్లు వేస్తారు. ఇంత చక్కని దృశ్యం ఏ షోరూములో దొరుకుతుంది? పైగా ఫోమ్ పరుపు పాడైతే పారవేయవలసిందే, దూది పరుపును మళ్లీ ఏకించుకోవచ్చు అన్న సంగతి ఆ ఒక్క నిమిషం వీడియోలో మాటలు లేకుండానే తెలుస్తుంది. తెలుగులో రెండు వాక్యాలు రాస్తే చాలు. మన ఇళ్లలో ఉర్దూ మాట్లాడుతాము, ఇంగ్లీషు అక్షరాలతో ఉర్దూ టైపు చేస్తాము, ఖాతాదారులు మాత్రం తెలుగువారు. తెలుగు టైపు చేయడం రానివారు ఫోనులో నోటితో చెబితే అదే రాసిపెడుతుంది.

వేళ కూడా తెలుసుకోవాలి. రంజాన్‌కు ముందు బట్టలు, సేమియా, అత్తరు అని మనవారికి చెప్పనక్కరలేదు. కాని పరుపుల వ్యాపారికి అసలు పంచాంగం వేరే. గోదావరి జిల్లాలలో పెళ్లికి సారెతో పాటు మంచం, పరుపు పంపడం ఆనవాయితీ. ఆషాఢంలో ముహూర్తాలు ఉండవు, శ్రావణంలో వరుసగా ఉంటాయి. మాఘంలోనూ అంతే. సంక్రాంతికి కొత్త అల్లుడు వస్తాడు. కనుక ఆషాఢం ఆఖరి పక్షంలో పెట్టిన పోస్టు పనిచేస్తుంది, శ్రావణం నడుమ పెట్టినది పనిచేయదు. అప్పటికి కొనవలసినవారు కొనేసి ఉంటారు. తాతకు ఈ పంచాంగం కంఠస్థం. మనవడు ఫోనుతో పాటు దానినీ నేర్చుకోవాలి.

ఫోటోల గురించి మరొక మాట చెప్పాలి. ప్రవక్త ముహమ్మద్ (స) ఒకనాడు బజారులో ధాన్యపు రాశిలో చేయి పెట్టి చూశారు. పైన పొడిగా ఉన్నది, లోపల తడిసి ఉన్నది. వాన తడిపిందని అమ్మేవాడు చెప్పగా, ఆ తడిసిన దానిని జనానికి కనపడేలా పైన ఎందుకు పెట్టలేదని మందలించారు. ఈ హదీసు సహీహ్ ముస్లింలో ఉన్నది. ఫోనులో ఫిల్టరు వేసి బట్ట రంగు మార్చడం, ఎవరి బిర్యానీ ఫోటోనో తెచ్చి మనదిగా పెట్టడం, బంధువుల చేత అయిదు నక్షత్రాల సమీక్షలు రాయించడం, ఇవన్నీ రాశి పైన పొడి ధాన్యం పరచడమే. తూకంలో మోసం చేసేవారి గురించి ముతఫ్ఫిఫీన్ అనే పేరుతో ఒక సూరాయే ఉన్నది. మనవారిలో ఎవరైనా పొరపాటు చేస్తే దానిని జాతి మొత్తానికి అంటగట్టే కాలమిది. అది అన్యాయమే. అయినా మన వంతు పని మనం సరిగా చేయవలసి ఉన్నది. మసాలా పొడులు, స్వీట్లు, బిర్యానీ అమ్మేవారు ఆహార భద్రత రిజిస్ట్రేషన్ తీసుకోవాలి. చిన్న వ్యాపారులకు దాని రుసుము స్వల్పమే. ఆ సంఖ్యను పేజీ మీద ముద్రిస్తే, ఉమ్మివేసే వీడియోలు చూసి అనుమానపడేవాడికి మనం మాటలతో జవాబు చెప్పవలసిన పని ఉండదు.

మహిళల సంగతికి వస్తే, ఇంట్లో కూర్చుని బుర్ఖాలు, బ్లౌజులు కుట్టేవారు, మగ్గం పని చేసేవారు మన ప్రతి వీధిలో ఉన్నారు. వారి పని కాకినాడలోని పెద్ద దుకాణాలలో వేరొకరి పేరుతో అమ్ముడవుతుంది. కూలి మాత్రమే వారికి దక్కుతుంది. నేరుగా తామే అమ్ముకోమంటే, ముఖం చూపించాలేమో, ఇంటి నెంబరు అందరికీ తెలుస్తుందేమో అని భర్తలు, అత్తలు వెనకాడుతారు. ముఖం చూపించనక్కరలేదు. చేతులు, కుట్టు, బట్ట కనిపిస్తే చాలు. వ్యాపారానికి విడిగా ఒక సిమ్ తీసుకుంటే సొంత నెంబరు బయటపడదు. ఖాతా పేరు, బ్యాంకు ఖాతా మాత్రం ఆమెవే కావాలి. హజ్రత్ ఖదీజా (ర) తన సొమ్ముతో తన పేరున వర్తకం నడిపారని జల్సాలలో గర్వంగా చెప్పుకుని, ఇంట్లో కోడలికి క్యూఆర్ కోడ్ మీద మామగారి పేరు అంటించే పెద్దలను నేను ఎరుగుదును. వారికి ఈ సంచిక పంపుతాను.

మోసాల గురించి క్లుప్తంగా. సైనికాధికారినని చెప్పి వంద బిర్యానీలు ఆర్డరిచ్చి, డబ్బు పంపుతాను ఈ కోడ్ స్కాన్ చేయమని అడిగేవాడు దొంగ. డబ్బు పుచ్చుకోవడానికి పిన్ కొట్టవలసిన అవసరం ఎన్నడూ లేదు. పోయిన వెంటనే 1930కి ఫోను చేయాలి. వాట్సాప్‌కు రెండంచెల పిన్ పెట్టుకోవాలి. బూస్ట్ కోసం అప్పు యాప్‌ల జోలికి పోవద్దు. వడ్డీ హరాం అన్న మాట అటుంచి, వారు ఫోనులోని ఫోటోలు పట్టుకుని వేధించిన తీరు రెండు తెలుగు రాష్ట్రాలూ చూశాయి.

పేజీ కింద ఎవరైనా విషం కక్కితే ఏమి చేయాలని చాలామంది అడుగుతారు. జవాబు రాయవద్దు, ఎవరికీ ఫార్వర్డ్ చేయవద్దు. మనం ఆవేశంతో పంచిన ప్రతి స్క్రీన్‌షాట్ వారి ప్రచారానికి మన ఖర్చుతో చేసిన సాయం. తేదీ, లింకు కనపడేలా ఒక్క ప్రతి దాచుకుని, మతం పేరుతో కొట్టును బహిష్కరించమని పిలుపునిస్తే పోలీసుకు రాతపూర్వకంగా ఇవ్వాలి. విద్వేష ప్రసంగాల మీద ఫిర్యాదు లేకపోయినా తామే కేసు పెట్టాలని 2023 ఏప్రిల్ 28న సుప్రీంకోర్టు అన్ని రాష్ట్రాలకు చెప్పింది. ఆ ఉత్తర్వు తేదీని అర్జీలో రాయండి. గుమాస్తాగా నా అనుభవం చెబుతున్నాను, తేదీ వేసిన కాగితాన్ని పక్కన పడేయడం అంత తేలిక కాదు. రసీదు తీసుకోవడం మరవద్దు.

ఇంకొక సంగతి మనవారికి నచ్చకపోవచ్చు. ‘ముస్లింల దగ్గరే కొనండి’ అనే సందేశాలు మన గ్రూపులలో కూడా తిరుగుతున్నాయి. నేను వాటిని వ్యతిరేకిస్తాను. మా పరుపుల కొట్టు ఖాతా పుస్తకం తెరిచి చూడండి. పది పేర్లలో తొమ్మిది హిందువులవి. ఆ సందేశం ఆ తొమ్మిదిమందికి చేరిననాడు నష్టపోయేది ఎవరు?

ఊరూరా మసీదు కమిటీలు నెలకు ఒకసారి ఇషా తరువాత గంటసేపు ఈ పనికి కేటాయిస్తే బాగుంటుంది. ఫోను తెలిసిన కుర్రవాళ్లు, వ్యాపారం తెలిసిన పెద్దలు ఒకరి పక్కన ఒకరు కూర్చోవాలి. ప్రసంగాలు అక్కరలేదు. వచ్చినవారి కొట్టును మ్యాప్‌లో చేర్చి పంపితే చాలు. మా ఊరిలో రెండుసార్లు కూర్చున్నాము. మొదటిసారి నలుగురు, రెండోసారి పదకొండు మంది వచ్చారు. అందులో ముగ్గురు ఆడవాళ్లు, ఒకరు పక్క వీధి కుమ్మరి.

పరుపుల అబ్బాయి పేజీ పేరు మార్చడానికి రెండు వారాలు ఆలోచించాడు. చివరికి తండ్రే తేల్చాడు: “నలభై ఏళ్లుగా అందరూ నన్ను సాయిబూ అనే పిలుస్తున్నారు, ఫోనుకు మాత్రం సిగ్గెందుకు?” ఇప్పుడు మ్యాప్‌లో ‘సాయిబు పరుపుల కొట్టు, సామర్లకోట’ అని ఉన్నది, కింద తండ్రి పూర్తి పేరు ఉన్నది. దూది ఏకే వీడియో చూసి పెద్దాపురం నుంచి ఒక ఉపాధ్యాయురాలు తన తల్లి పరుపును ఆటోలో వేసుకుని వచ్చింది. తరువాత మరి కొందరు వచ్చారు. ఒకడు అసభ్యంగా వ్యాఖ్య రాశాడు, దానిని తొలగించి ప్రతి దాచారు. ‘డ్రీమ్’ అన్న మాట మీద మోజు మాత్రం అబ్బాయికి ఇంకా పోలేదు, తలగడల సంచుల మీద వేయిస్తానంటున్నాడు. గుడి దగ్గర గాజులు అమ్మే ఒకామె నెంబరు ఇచ్చి వెళ్లాడు, ఆమెకు కూడా మ్యాప్‌లో చోటు కావాలట. ఆదివారం వెళ్లాలి.